అకామా ఎవరి చేతిలో ఉంది: పత్రాలు లేని వలసకూ వెట్టిచాకిరీకీ ఉన్న లంకె

పరాయి దేశంలో పత్రాలు లేకుండా పని చేస్తున్న మనిషి అనగానే చీకట్లో కంచె దాటి వచ్చిన వ్యక్తి గుర్తుకు రావడం పరిపాటి. గల్ఫ్ దేశాలలో ఈ స్థితిలో ఉన్న తెలుగువారి సంగతి వేరు. వారిలో అత్యధికులు శంషాబాద్‌లోనో, చెన్నైలోనో, ముంబయిలోనో వీసా చూపించి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని విమానం ఎక్కినవారే. అక్కడ దిగిన కొన్ని నెలలకో కొన్నేళ్లకో వారి పత్రాలు చెల్లకుండా పోయాయి. ఎలా పోయాయి, ఎవరి చేతుల మీదుగా పోయాయి అని ఆరా తీస్తే, పత్రాలు లేని వలసకూ వెట్టిచాకిరీకీ మధ్య ఉన్న సంబంధం సాధారణంగా చెప్పుకునేదానికి కొంత తలకిందులుగా కనిపిస్తుంది. పత్రాలు లేనివారిని యజమానులు దోచుకుంటారన్నది అందరికీ తెలిసిందే. దోపిడీకి వీలుగానూ, దాన్ని ఎదిరించినందుకు శిక్షగానూ మనుషులను పత్రాలు లేనివారిగా మార్చడం కూడా అంతే మామూలుగా జరుగుతున్నదన్న సంగతి మాత్రం అంతగా చర్చకు రాదు.

గల్ఫ్‌లో దీనికి మూలం కఫాలా పద్ధతి. విదేశీ కార్మికుడు దేశంలో ఉండాలంటే అతనికి ఒక స్థానిక యజమాని, అంటే కఫీల్, పూచీ ఉండాలన్నది దాని సారాంశం. సౌదీ అరేబియాలో అకామా అనే నివాస కార్డు ఆ కఫీల్ పేరుతో ముడిపడి ఉంటుంది. గడువులోగా దాన్ని పునరుద్ధరించాల్సింది, రుసుము కట్టాల్సింది యజమానే అయినా, అతను ఆ పని చేయకపోతే తనిఖీలో పట్టుబడేది కార్మికుడు. తన తప్పేమీ లేకుండానే, తనకు తెలియకుండానే కూడా, ఒక మనిషి రాత్రికి రాత్రి అక్రమ నివాసి కావచ్చు. ఇది యజమాని ఏమీ చేయకుండా ఊరుకోవడం వల్ల జరిగేది. అతను పూనుకుని చేయగలిగింది ఇంకొకటి ఉంది. కార్మికుడు పని వదిలి పారిపోయాడని ప్రభుత్వానికి ఇచ్చే ఫిర్యాదును సౌదీలో హురూబ్ అంటారు. ఆ ఫిర్యాదు నమోదై ఖరారైతే అకామా చెల్లదు, వేరే చోట చేరే వీలు పోతుంది, పట్టుబడితే నిర్బంధం, దేశం నుంచి పంపివేత తప్పవు. కువైట్‌లోనూ ఎమిరేట్స్‌లోనూ పేర్లు, నియమాలు వేరు కావచ్చుగానీ ఏర్పాటు మాత్రం ఈ తరహాలోదే.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి వెళ్లి వచ్చినవారు చెప్పే కథలలో ఒకే క్రమం మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ఊళ్లో ఏజెంటు చెప్పిన జీతం ఒకటి, అక్కడ ఇచ్చేది ఇంకొకటి. దానికి సర్దుకున్నాక ఆ జీతం కూడా మూడు నెలలో నాలుగు నెలలో ఆగిపోతుంది. అప్పుడు కార్మికుని ముందు మూడు దారులు ఉంటాయి. ఎప్పటికైనా ఇస్తారన్న ఆశతో అదే పనిలో కొనసాగడం ఒకటి. ఎన్ని నెలలు గడిస్తే బాకీ అంత పెరుగుతుంది, బాకీ పెరిగినకొద్దీ వదిలి వెళ్లడం అంత కష్టమవుతుంది. కార్మిక న్యాయస్థానానికి వెళ్లడం రెండోది. అరబ్బీలో అర్జీ పెట్టుకోవాలి, వాయిదాలకు తిరగాలి, అంతవరకు జీతం లేకుండా, ఆ యజమాని క్యాంపులోనే, అతని దయ మీదనే బతకాలి. క్యాంపు వదిలి బయటికి వెళ్లిపోయి దొరికిన చోట పని చేసుకోవడం మూడోది. ఈ మూడో దారి పట్టినవారినే గల్ఫ్ తెలుగువారు ఖల్లివల్లి అంటారు. జీతం ఎగ్గొట్టిన యజమాని మీద ప్రభుత్వ రికార్డులో ఒక్క అక్షరం కూడా ఉండకపోవచ్చు. దాన్ని భరించలేక బయటికి వచ్చిన మనిషి మాత్రం చట్టం దృష్టిలో పరారీలో ఉన్నవాడు.

అంటే వెట్టి నుంచి తప్పించుకోవడమే ఇక్కడ నేరంగా నమోదవుతుంది. పత్రాలు పోతాయన్న భయం చూపించి పని చేయించుకునే అధికారాన్ని యజమాని ఎక్కడి నుంచో దొంగిలించలేదు, వలస చట్టమే దాన్ని అతనికి అప్పగించింది. గోడలూ తాళాలూ కాపలాదారులూ చేసే పనిని ఈ ఏర్పాటు ఖర్చు లేకుండా చేసిపెడుతుంది. అందుకే గల్ఫ్‌లోని వెట్టిచాకిరీలో చాలా భాగం బయటికి వెట్టిలా కనిపించదు. మనిషి తిరుగుతూనే ఉంటాడు, ఫోన్‌లో ఇంటికి మాట్లాడుతూనే ఉంటాడు, శుక్రవారం తోటివారితో కలిసి వంట చేసుకుంటాడు. పని మానేయగలడా అని అడిగితే మాత్రం జవాబు దొరకదు.

పత్రాలు లేని ప్రతి ఒక్కరూ వెట్టిలో ఉన్నవారేనని ఇక్కడ అనుకోకూడదు. ఖల్లివల్లిగా పని చేసేవారిలో కంపెనీ జీతం కంటే రోజుకూలీ ఎక్కువ వస్తున్నదని కావాలనే బయట ఉండిపోయినవారు ఉన్నారు. ఆజాద్ వీసా పేరుతో నడిచే వ్యాపారం కూడా ఈ ఆశ మీదనే సాగుతుంది: కాగితం మీద ఒక కఫీల్ ఉంటాడు, అతని దగ్గర పనేమీ ఉండదు, ఏటా అతనికి కొంత సొమ్ము ముట్టజెప్పి బయట నచ్చిన పని చేసుకోవాలి. లెక్కప్రకారం ఇదీ చట్టవిరుద్ధమే. కొందరు ఇలాగే చాలా ఏళ్లు గడిపి, ఇల్లు కట్టుకుని, పిల్లల పెళ్లిళ్లు చేసి తిరిగి వచ్చారు. ఆ స్వేచ్ఛ మాత్రం ఏదీ తేడా రానంత వరకే నిలుస్తుంది. మేస్త్రీ కూలీ ఎగ్గొడితే ఫిర్యాదు చేసే చోటు ఉండదు. సారువా మీది నుంచి పడి కాలు విరిగితే ఆసుపత్రికి వెళ్లడానికి ముందు పోలీసుల సంగతి ఆలోచించుకోవాలి. కాగితం కఫీల్ ఏడాది సొమ్ము రెట్టింపు చేస్తే కట్టాలి, లేదంటే అతను హురూబ్ పెడతాడు. పత్రాలు లేకపోవడమే వెట్టి అనడం సరికాదు గానీ, వెట్టిలోకి జారకుండా మనిషిని ఆపే మెట్లన్నీ ఆ స్థితిలో ఒకేసారి మాయమవుతాయి.

అంతర్జాతీయ చట్టం ఈ తేడాను కాగితం మీదనైనా స్పష్టంగానే గీసింది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2000 నవంబరులో వ్యవస్థీకృత నేరాలపై ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు దానికి అనుబంధంగా రెండు వేర్వేరు ప్రోటోకాళ్లు తెచ్చింది. డబ్బు తీసుకుని మనుషులను దొంగతనంగా సరిహద్దు దాటించడం ఒకదానికి విషయం. అక్కడ నేరం దేశం మీద జరుగుతుంది, సరిహద్దు దాటగానే లావాదేవీ ముగుస్తుంది. మానవ అక్రమ రవాణా రెండోదానికి విషయం. అక్కడ నేరం మనిషి మీద జరుగుతుంది, సరిహద్దు దాటడం అసలు అవసరమే లేదు. మోసం, బెదిరింపు, బలప్రయోగం, నిస్సహాయతను వాడుకోవడం వంటి పద్ధతులతో దోపిడీ కోసం మనిషిని చేర్చుకున్నా, తరలించినా, దాచినా అది అక్రమ రవాణాయే. అలాంటి పద్ధతులు వాడినప్పుడు బాధితుడు మొదట ఒప్పుకున్నాడా లేదా అన్నది లెక్కలోకి రాదు. ఇష్టపడే వెళ్లాడు కదా, తెలిసే సంతకం పెట్టాడు కదా అనే వాదన మన పోలీసు స్టేషన్లలో ఇప్పటికీ వినిపిస్తుంది కాబట్టి ఈ చివరి నియమాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఈ ప్రోటోకాల్‌ను భారతదేశం 2011లో ధ్రువీకరించింది.

వెట్టిచాకిరీకి నిర్వచనం ఇంకా పాతది. ఏదైనా శిక్ష పడుతుందన్న బెదిరింపుతో, స్వచ్ఛందంగా ముందుకు రాని మనిషి చేత చేయించుకునే పని అంతా వెట్టేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 నాటి 29వ ఒప్పందం చెబుతుంది. ఆ శిక్ష కొరడా దెబ్బే కానక్కర్లేదు. దేశం నుంచి పంపించేస్తామనడం, పోలీసులకు పట్టిస్తామనడం కూడా ఆ కోవలోకే వస్తాయి. 1982లో ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో భారత సుప్రీంకోర్టు వెట్టిని నిషేధించే రాజ్యాంగం 23వ అధికరణానికి భాష్యం చెబుతూ ఇంకో అడుగు ముందుకు వేసి, ఆకలి వల్ల వేరే గతి లేక కనీస వేతనం కంటే తక్కువకు పని చేయడం కూడా బలవంతపు పనేనని తీర్పు ఇచ్చింది. ఈ విషయంలో మన న్యాయస్థానం ప్రపంచం కంటే ముందే ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇతర సంస్థలతో కలిసి 2022లో వెలువరించిన అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో 2.76 కోట్ల మంది బలవంతపు పనిలో ఉన్నారు. ప్రవాస కార్మికులు అందులో చిక్కుకునే అవకాశం స్థానిక కార్మికుల కంటే మూడు రెట్లకు పైగా ఎక్కువని అదే నివేదిక చెబుతుంది.

బెదిరింపు పని చేయడానికి అప్పు కావాలి. ఏజెంట్లు వసూలు చేయదగిన సేవా రుసుముకు భారత ప్రభుత్వం విధించిన గరిష్ఠ పరిమితి 30,000 రూపాయలు, దాని మీద పన్ను. వాస్తవంలో లక్ష దాటి వసూలు చేయడం మామూలే. ఆ సొమ్ము ఊళ్లో నూటికి రెండు రూపాయలకో మూడు రూపాయలకో వడ్డీకి వస్తుంది, లేదా ఎకరమో అరెకరమో తాకట్టు పెడితే వస్తుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలైతే 36 శాతం. లక్షన్నర అప్పు చేసి వెళ్లిన మనిషికి మూడు రూపాయల లెక్కన ఏడాది వడ్డీయే 54,000 అవుతుంది. జీతం ఆగిన నాలుగు నెలలలో ఇంటి దగ్గర 18,000 పేరుకుంటుంది. ఆ పరిస్థితిలో పంపించేస్తానని యజమాని అనే మాటకు అసలు అర్థం భూమి పోతుందన్నదే. స్థానికుడైన కార్మికునికి ఉద్యోగం పోతే పోయేది ఉద్యోగం ఒక్కటే.

మహిళల విషయంలో ఈ కథకు ఇంకో పొర ఉంది. కడప, అన్నమయ్య జిల్లాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే మహిళలు ఎక్కువ. పదో తరగతి పాసు కానివారు గల్ఫ్‌తో సహా నిర్ణీత దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 వలస చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్లే మహిళలకు ఆ అనుమతి దొరకాలంటే వయసు 30 దాటి ఉండాలి. నియమం పెట్టిన ఉద్దేశం రక్షణే, అందులో అనుమానం లేదు. ఇంటి దగ్గర అవసరం మాత్రం వయసు చూసి రాదు కాబట్టి, 25 ఏళ్ల మహిళకు ఏజెంటు విజిట్ వీసా చూపిస్తాడు. ఆమె రికార్డులో ఉద్యోగి కాదు, సందర్శకురాలు. రాయబార కార్యాలయానికి ఆమె ఒప్పందం తెలియదు, యజమాని పేరు తెలియదు, అనుమతితో వెళ్లేవారికి వర్తించే 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా ఆమెకు వర్తించదు. కాపాడాల్సిన నియమమే ఆమెను కాపాడేవారి కంటికి కనపడకుండా చేసింది. మహిళల వలస మీద వయసు ఆంక్షలో, పూర్తి నిషేధాలో పెట్టిన ఇతర దేశాలకూ ఎదురైన అనుభవం ఇదే. అయినా ప్రతి విషాదం తరవాత ఆంక్షలు ఇంకా బిగించాలన్న డిమాండే ముందుగా వస్తుంది.

ఇంటిపని స్వభావం కూడా ఇందుకు తోడవుతుంది. నిర్మాణ కార్మికునికి కనీసం క్యాంపులో తోటివారు ఉంటారు. ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా, వెళ్లిన మహిళ ఒక ఇంటి నాలుగు గోడల మధ్య, భాష రాని చోట, ఫోను కూడా యజమానురాలి దగ్గరే ఉండగా పని చేస్తుంది. చాలా దేశాలలో సాధారణ కార్మిక చట్టం ఇంటిపనివారికి వర్తించదు. కువైట్ 2015లో వారి కోసం ప్రత్యేక చట్టం తెచ్చి వారానికో సెలవు, పనిగంటల పరిమితి పెట్టింది, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధించింది. ఇంటి తలుపు దాటి లోపలికి వెళ్లి తనిఖీ చేసేవారు లేకపోతే ఆ నిషేధం విలువ ఎంతో ఊహించడం కష్టమేమీ కాదు. ఆ ఇంటి నుంచి పారిపోయి రాయబార కార్యాలయం ఆశ్రయం కోరిన మహిళ మీద అప్పటికే పరారీ కేసు, కొన్నిసార్లు దొంగతనం కేసు కూడా, సిద్ధంగా ఉంటుంది. దొంగతనం కేసు తేలేదాకా ఆమె దేశం విడిచి వెళ్లలేదు.

గల్ఫ్ రాచరికాలలోనే ఇలా జరుగుతుందనుకుంటే పొరపాటు. అమెరికా సుప్రీంకోర్టు 1988లో కోజ్మిన్‌స్కీ కేసులో వెట్టికి ఇరుకైన అర్థం చెప్పింది. మిషిగన్‌లోని ఒక పాడిపశువుల క్షేత్రంలో మానసిక వైకల్యం ఉన్న ఇద్దరితో ఏళ్ల తరబడి జీతం లేకుండా పని చేయించుకున్న కేసు అది. శారీరక బలప్రయోగమో చట్టపరమైన నిర్బంధమో ఉంటేనే వెట్టి నేరం రుజువవుతుందని న్యాయస్థానం తేల్చింది. అదే తీర్పులో ఒక మాట ఉంది: దేశం నుంచి పంపించేస్తామన్న బెదిరింపు పౌరుని మీద పని చేయకపోవచ్చు గానీ, వలస వచ్చిన మనిషి విషయంలో అది చట్టపరమైన నిర్బంధం కాగలదు. వలస స్థితే బలప్రయోగానికి సాధనం కాగలదని అమెరికా అత్యున్నత న్యాయస్థానం అప్పుడే గుర్తించిందన్నమాట.

ఆ గుర్తింపు ఆచరణలోకి రావడానికి సమయం పట్టింది. 1995 ఆగస్టులో లాస్ ఏంజెలెస్ దగ్గరి ఎల్ మాంటేలో ముళ్లకంచె వేసిన అపార్ట్‌మెంట్ల సముదాయం నుంచి 72 మంది థాయ్‌లాండ్ కుట్టుకార్మికులను అధికారులు బయటికి తెచ్చారు. వారిలో కొందరు ఏళ్ల తరబడి అక్కడే బందీలుగా బట్టలు కుట్టారు. బయటికి తెచ్చిన ప్రభుత్వం వారిని మొదట ఉంచింది వలస నిర్బంధ కేంద్రంలో. న్యాయవాదులూ ఉద్యమకారులూ గొడవ చేసిన తరవాతే విడిచిపెట్టింది. ఒక బందిఖానా నుంచి ఇంకో బందిఖానాకు మార్చిన ఆ కొద్ది రోజుల అనుభవం, 2000 నాటి అక్రమ రవాణా బాధితుల రక్షణ చట్టానికి నేపథ్యంగా నిలిచిన సంఘటనలలో ఒకటి. చట్ట ప్రక్రియను దుర్వినియోగం చేస్తామని బెదిరించి పని చేయించుకోవడం, పాస్‌పోర్టు లాక్కోవడం ఆ చట్టంతో స్పష్టమైన నేరాలయ్యాయి. బాధితులకు టీ వీసా అనే ప్రత్యేక అనుమతి వచ్చింది.

ఆ చట్టం రావడానికి కొద్ది నెలల ముందే అమెరికాలో ఒక తెలుగు కేసు బయటపడింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1999 నవంబరులో ఒక అపార్ట్‌మెంట్‌లో కార్బన్ మోనాక్సైడ్ వాయువు వల్ల ఒక బాలిక చనిపోయింది. దాని వెంట తవ్వుతూ పోతే, అప్పటి కృష్ణా జిల్లాలోని వెల్వడం నుంచి వెళ్లి అక్కడ పెద్ద ఆస్తిపరుడైన లకిరెడ్డి బాలిరెడ్డి, సొంత ప్రాంతపు పేద కుటుంబాల బాలికలను తప్పుడు పేర్లతో, తప్పుడు బంధుత్వాలతో వీసాలు తెప్పించి తీసుకెళ్లి, పని చేయించుకుంటూ లైంగికంగా వాడుకున్న సంగతి వెలుగు చూసింది. 2001లో అతనికి 97 నెలల జైలుశిక్ష పడింది, 20 లక్షల డాలర్ల పరిహారం చెల్లించాలని ఆదేశం వచ్చింది. అతను ఒప్పుకున్న నేరాలలో వలస మోసానికి కుట్ర, మైనర్ల తరలింపు, పన్ను లెక్కల్లో అబద్ధం ఉన్నాయి, వెట్టి మాత్రం లేదు. వారి వీసాలు చూపులకు చక్కగానే ఉన్నాయి. అబద్ధం పేరు మీద ఉన్న వీసా ఉన్న మనిషి, వీసా లేని మనిషి కంటే ఎక్కువగా యజమాని గుప్పిట్లో ఉంటుంది, ఎందుకంటే నిజం చెబితే ముందు నేరస్తురాలయ్యేది తనేనని ఆమెను నమ్మించడం సులభం.

అసలు పత్రాలతో వెళ్లినవారికైనా రక్షణ ఉందా అంటే సిగ్నల్ ఇంటర్నేషనల్ కేసు చూడాలి. 2005లో కత్రినా తుఫాను అమెరికా దక్షిణ తీరాన్ని ధ్వంసం చేశాక, మిసిసిపీలోని పాస్కగూలా, టెక్సస్‌లోని ఆరెంజ్ రేవులలో సముద్రంలోని చమురు రిగ్గుల మరమ్మతు పనికి ఆ కంపెనీ దాదాపు 500 మంది భారతీయ వెల్డర్లనూ పైపు ఫిట్టర్లనూ తాత్కాలిక పనికి ఇచ్చే హెచ్‌–2బీ వీసాల మీద రప్పించింది. గ్రీన్‌కార్డు ఇప్పిస్తామన్న మాట నమ్మి వారు ఒక్కొక్కరు 10,000 డాలర్లు, అంతకు పైగా కూడా ముట్టజెప్పారు. కంచె వేసిన క్యాంపులో ఒక్కో ట్రెయిలర్‌లో 24 మంది వరకు ఉంచి, అందుకు నెలకు 1,050 డాలర్లు జీతంలో కోసుకున్నారు. హెచ్‌–2బీ వీసా ఒకే యజమానికి కట్టుబడి ఉంటుంది. కఫాలా అన్న పేరు లేదుగానీ ముడి అదే. 2008 మార్చిలో పాస్కగూలా కార్మికులు పని మానేసి బయటికి నడిచి, తాము అక్రమ రవాణా బాధితులమని తామే ప్రభుత్వానికి ఫిర్యాదు చేశారు. ఆ గేటు దాటడంతో వారి వీసాకు ఆధారం పోయింది. అప్పటిదాకా చట్టబద్ధంగా వెట్టిలో ఉన్నవారు వెట్టి వదిలిన రోజున పత్రాలు లేనివారయ్యారు. వాషింగ్టన్ దాకా వెళ్లి నిరాహార దీక్ష చేశారు. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లియన్స్ జ్యూరీ మొదటి ఐదుగురికి దాదాపు 1.4 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించింది. అదే ఏడాది కంపెనీ దివాలా పిటిషన్ వేసి, కార్మికులతో 2 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది. పని మానేసిన రోజు నుంచి తీర్పు రోజుకు ఏడేళ్లు పట్టింది. అప్పులవాళ్లు ఏడేళ్లు ఆగరు.

కాబట్టి సరిహద్దును ఎంత బిగిస్తే అక్రమ రవాణా అంత తగ్గుతుందన్న వాదన ఈ కేసులలో దేనికీ అన్వయించదు. వీటిలో ఎవరూ సరిహద్దు దొంగతనంగా దాటలేదని కూడా అనలేము, కొందరు అబద్ధపు పత్రాలతో దాటారు. అందరిలోనూ ఉమ్మడిగా ఉన్నది మాత్రం ఒక్కటే: ఉండడానికి అనుమతి, పని చేయడానికి అనుమతి ఒక ప్రైవేటు వ్యక్తి చేతిలో ఉన్నాయి. పైగా గట్టి చర్యల పేరుతో తీసుకునే కొన్ని నిర్ణయాలు ఆ వ్యక్తి చేతిని ఇంకా బలపరుస్తాయి. 2002లో హాఫ్‌మన్ ప్లాస్టిక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, పత్రాలు లేని కార్మికుని సంఘం పెట్టుకున్నందుకు చట్టవిరుద్ధంగా తీసేసినా, పోయిన జీతం చెల్లించనక్కర్లేదని తీర్పు ఇచ్చింది. పత్రాలు లేనివారిని పనిలో పెట్టుకోవడం నేరమైన దేశంలోనే, అలాంటివారి హక్కులు కాలరాయడం చౌక వ్యవహారమైంది.

ఇటీవల ఆగ్నేయాసియాలో ఇదే యంత్రాంగం ఇంకో రూపంలో కనిపించింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ ఆంధ్ర, తెలంగాణ యువకులను టూరిస్టు వీసాల మీద కంబోడియాకూ, థాయ్‌లాండ్ మీదుగా మయన్మార్‌లోని మ్యావడీ ప్రాంతానికీ తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించారు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు కంబోడియా ముఠాకు మనుషులను పంపిన ఏజెంట్లను అరెస్టు చేశారు. 2025 మార్చిలో మయన్మార్ నుంచి బయటపడ్డ 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాలలో థాయ్‌లాండ్ మీదుగా తీసుకొచ్చారు. మయన్మార్‌లో కనీసం 1.2 లక్షల మంది, కంబోడియాలో దాదాపు లక్ష మంది ఇలా చిక్కుకుని ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది. వీరు చదువుకున్నవారు, ఇంగ్లిషు వచ్చినవారు, కంప్యూటరు తెలిసినవారు. చదువుంటే మోసపోరన్న నమ్మకం ఇక్కడ నిలవలేదు. మయన్మార్ చేరినవారిది రెండు నేరాల చిక్కు: సరిహద్దు అక్రమంగా దాటారు, చేసిన పని కూడా మోసమే. బలవంతం మీద చేసిన నేరానికి బాధితుని శిక్షించకూడదన్న సూత్రాన్ని యూరప్ మండలి 2005 ఒప్పందంలోనే చేర్చింది. దాన్ని పోలీసు స్టేషన్ స్థాయిలో పాటించడానికి మాత్రం, ముందు ఎదురుగా ఉన్నది బాధితుడన్న గుర్తింపు ఉండాలి.

మన చట్టంలోని లోటు సరిగ్గా ఇక్కడే ఉంది. మానవ అక్రమ రవాణాను శిక్షించే సెక్షన్, అంటే పాత శిక్షాస్మృతిలోని 370, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోని 143, దోపిడీకి ఇచ్చిన వివరణలో బానిసత్వం, దాస్యం అన్న మాటలున్నాయి గానీ బలవంతపు శ్రమ అన్న మాట నేరుగా లేదు. దాంతో గల్ఫ్ ఏజెంటు మీద సాధారణంగా పడేది మోసం కేసూ, వలస చట్టం కింద లైసెన్సు లేని వ్యాపారం కేసూ. మోసం కేసు రాజీకి వస్తుంది. తీసుకున్న సొమ్ములో సగం తిరిగి ఇస్తే బాధితుని కుటుంబం ఊరుకుంటుంది, ఏజెంటు పక్క మండలంలో మళ్లీ మొదలుపెడతాడు.

బాధితులకు రక్షణ ఇచ్చిన చోట కూడా షరతులు దాన్ని నీరుగార్చాయి. అమెరికా టీ వీసాలు ఏడాదికి 5,000 వరకు ఇవ్వవచ్చు. చాలా ఏళ్ల పాటు ఆ సంఖ్య దరిదాపులకు కూడా చేరలేదు. దర్యాప్తుకు సహకరించాలన్న షరతు, దరఖాస్తు తిరస్కరిస్తే తామే పంపివేతకు గురవుతామన్న భయం అందుకు కారణాలలో ఉన్నాయి. ఇటలీ 1998 నాటి వలస చట్టం 18వ అధికరణం దీనికి మెరుగైన నమూనా: దోపిడీ నుంచి బయటపడదలచిన మనిషికి, నేరస్తులపై సాక్ష్యం చెప్పకపోయినా, సామాజిక సహాయ మార్గంలో నివాస అనుమతి ఇవ్వవచ్చు. గల్ఫ్‌లో ఖతర్ 2020లో ఉద్యోగం మారడానికి పాత యజమాని అనుమతి పత్రం అక్కర్లేదని చెప్పింది. సౌదీ 2021 మార్చిలో కొంత సడలింపు తెచ్చింది కానీ ఇంటిపనివారు, డ్రైవర్లు, తోటమాలులు, కాపరులు దానికి బయటే ఉండిపోయారు. ఎడారిలో ఒంటెలూ గొర్రెలూ కాసే పనిలో చిక్కుకుని, వీడియోలు పంపి విడిపించమని వేడుకున్న తెలుగువారిని తలచుకుంటే, అన్నిటికంటే అవసరమైనవారికే సంస్కరణ అందలేదని తెలుస్తుంది.

ఇక క్షమాభిక్షలు. సౌదీ 2013లో, కువైట్ 2018, 2020, 2024లలో, ఎమిరేట్స్ 2018, 2024లలో గడువు మీరినవారు జరిమానా లేకుండా వెళ్లిపోవడానికి అవకాశం ఇచ్చాయి. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉండిపోయినవారికి భారత రాయబార కార్యాలయం ఔట్‌పాస్ అనే ప్రయాణ పత్రం ఇస్తుంది, వేలమంది తెలుగువారు ఆ కాగితంతోనే ఇల్లు చేరారు. ఆ మేలు తక్కువది కాదు. అయితే క్షమాభిక్ష మాఫీ చేసేది కార్మికుడు ప్రభుత్వానికి కట్టాల్సిన జరిమానాను మాత్రమే. కఫీల్ కార్మికునికి బాకీపడ్డ జీతం దాని పరిధిలోకి రాదు, కఫీల్ పెట్టిన కేసు పెండింగులో ఉంటే చాలాసార్లు క్షమాభిక్షే వర్తించదు. 2020లో కరోనా కారణంగా తిరిగి వచ్చిన వారిలో ఎందరికో నెలల జీతం, సర్వీసు ముగింపు సొమ్ము అక్కడే ఉండిపోయాయి. ఆ సొమ్ము కోసం ఇక్కడి నుంచి పోరాడాలంటే దేశం విడిచే ముందే రాయబార కార్యాలయానికి గానీ నమ్మకమైన మనిషికి గానీ అధికార పత్రం రాసి ఇవ్వాలి, ఒప్పందం ప్రతి, జీతం చీటీలు, బ్యాంకు వివరాలు చేతిలో ఉండాలి. పాస్‌పోర్టే లేక ఔట్‌పాస్ మీద వస్తున్న మనిషి దగ్గర అవి ఉండడం అరుదు. అధికార పత్రం గురించి అతనికి చెప్పే బాధ్యత క్షమాభిక్ష శిబిరంలో ఎవరికీ స్పష్టంగా అప్పగించి ఉండదు.